కన్ను ఎలా ఫోకస్ చేస్తుంది? సైట్, చత్వారం, శుక్లం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పదో తరగతి పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఏటా మానవుని కన్ను పాఠం మొదలైందంటే ఆ వారమంతా క్లాసులో పిల్లల ప్రశ్నలు, సాయంత్రం వాళ్ళ అమ్మానాన్నల ఫోన్లు. "సార్, మావాడికి సైట్ అన్నారు, అద్దాలు పెడితే ఇంకా పెరుగుతుందటగా?" అనేది అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఏంటంటే, ఈ గందరగోళం చాలావరకు ఒకే చోట మొదలవుతుంది: కంట్లో ఉన్న లెన్స్ ఒక్కటే అంతా చేస్తుందని అనుకుంటాం. అలా కాదు. వెలుగును వంచే పనిలో పెద్ద వాటా కంటి ముందున్న కార్నియాది. దూరానికీ దగ్గరకీ సర్దుకునే పని లెన్స్‌ది. ఈ రెండూ వంచిన వెలుగు సరిగ్గా రెటీనా (కంటి వెనకగోడకు ఉండే, వెలుగును పట్టే పొర) మీద పడేలా కంటిగుడ్డు పొడవు కుదరాలి. ఏ లోపం వచ్చినా ఈ మూడింట్లో ఎక్కడ వచ్చిందో చూసుకుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ముందు కంట్లో ఏమేం ఉంటాయో వరసగా చెప్పండి.

కంటిగుడ్డు ముందునుంచి వెనక్కి దాదాపు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. అన్నిటికంటే ముందు కార్నియా. మనం నల్లగుడ్డు అనేదాని మీద వాచీ అద్దంలా కప్పి ఉండే పారదర్శకమైన పొర ఇది, మధ్యలో మందం అర మిల్లీమీటరు పైచిలుకు. ఇందులో రక్తనాళాలు ఉండవు. ఉంటే వెలుగుకు అడ్డం వచ్చేవి. అందుకే దీనికి కావలసిన ఆక్సిజన్ ఎక్కువగా కన్నీటి పొర ద్వారా గాలి నుంచే అందుతుంది. దాని వెనక పల్చటి ద్రవం, ఆ వెనక రంగు ఉండే ఐరిస్, ఐరిస్ మధ్యలో కంటిపాప. కంటిపాప ఒక వస్తువు కాదు, ఒక రంధ్రం. ఎండలో 2 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది, చీకట్లో కుర్రవాళ్ళకైతే 8 వరకూ విచ్చుకుంటుంది.

కంటిపాప వెనకే లెన్స్. దాన్ని చుట్టూ సన్నటి పోగులు పట్టుకుని ఉంటాయి, ఆ పోగుల రెండో కొస సిలియరీ కండరం దగ్గర ఉంటుంది. లెన్స్ వెనక కంటిగుడ్డు అంతా జిగురులాంటి స్వచ్ఛమైన జెల్. చివరన గోడకు అతికించినట్టు రెటీనా. రెటీనా మధ్యలో ఫోవియా అనే చిన్న గుంట ఉంటుంది, అక్షరాలు చదివేది నిజానికి ఆ చోటుతోనే. నమ్మకం లేకపోతే ఈ వాక్యంలో ఒక్క మాట మీద చూపు నిలిపి, కళ్ళు కదపకుండా దానికి నాలుగు మాటల అవతల ఏముందో చదవడానికి ప్రయత్నించండి.

లెన్స్ కాదు, కార్నియాదే పెద్ద వాటా అంటున్నారు. రుజువు ఉందా?

ఉంది, అదీ మన చుట్టుపక్కలే. చెరువులో మునిగి కళ్ళు తెరిస్తే అంతా మసకగా కనిపిస్తుంది. నీళ్ళు మురికిగా ఉండడం కారణం కాదు, తేటనీటి బావిలో మునిగినా అంతే. వెలుగు గాలిలోంచి కార్నియాలోకి వచ్చేటప్పుడు బాగా వంగుతుంది, ఎందుకంటే ఆ రెండింటి వక్రీభవన గుణకాల (ఒక పదార్థం వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకెల) మధ్య తేడా పెద్దది. నీటికీ కార్నియాకీ ఆ తేడా చాలా తక్కువ (1.33, 1.376), అందుకని నీళ్ళలో కార్నియా దాదాపు పని మానేస్తుంది. ఈత అద్దాలు పెట్టుకుంటే కంటి ముందు మళ్ళీ గాలి వచ్చినట్టు, వెంటనే స్పష్టంగా కనిపిస్తుంది.

మరి చేపలకు? వాటికి కార్నియా ఎలాగూ ఉపయోగపడదు కాబట్టి భారమంతా లెన్స్ మీదే పడింది, అందుకే అది గోళీలా గుండ్రంగా ఉంటుంది. చేపల పులుసులో తలకాయ తినేవాళ్ళందరూ దాన్ని చూసే ఉంటారు, కన్నులోంచి వచ్చే గట్టి తెల్లటి గుండు అదే. పచ్చిగా ఉన్నప్పుడు అది గాజులా పారదర్శకంగా ఉంటుంది, ఉడికితే అందులోని ప్రొటీన్ గుడ్డులోని తెల్లసొనలా తెల్లబడుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, శుక్లం దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఇంకో రుజువు మన తాతల తరంలో ఉంది. అప్పట్లో శుక్లం ఆపరేషన్ అంటే లెన్స్ తీసేసి ఊరుకోవడమే, బదులు ఏమీ పెట్టేవాళ్ళు కాదు. తర్వాత ప్లస్ 10, ప్లస్ 12 సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని పేపర్ చదివేవాళ్ళు. కంట్లో లెన్సే లేని మనిషి అంతమాత్రం అద్దాలతో ఎలా చూడగలిగాడు? కార్నియా ఉంది కాబట్టి. లెక్కల్లో చెప్పాలంటే కన్ను మొత్తం పవర్ సుమారు 60 డయాప్టర్లు (వెలుగును వంచే పవర్‌కు కొలత, అద్దాల నంబరు కూడా ఇందులోనే), అందులో 43 దాకా కార్నియాదే.

మరి లెన్స్ చేసేదేంటి?

కార్నియా ఆకారం మారదు, మారేది లెన్స్. మీరు కిటికీ చువ్వల అవతల వేపచెట్టును చూస్తూ ఉండండి, చువ్వలు మసకగా ఉంటాయి. ఇప్పుడు చువ్వల మీదికి చూపు తెచ్చుకోండి, చెట్టు మసకబారుతుంది. ఆ రెప్పపాటులో లెన్స్ ఆకారం మారిపోయింది.

ఎలా మారుతుందో చెప్పేటప్పుడు ఏటా క్లాసులో సగం మంది తలకిందులుగా రాస్తారు, కాబట్టి నెమ్మదిగా చెప్తాను. సిలియరీ కండరం లెన్స్ చుట్టూ ఉంగరంలా ఉంటుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కండరం బిగుస్తుంది. ఉంగరం బిగిస్తే చిన్నదవుతుంది కదా, అంటే కండరం లెన్స్‌కు దగ్గరగా వస్తుంది, మధ్యలో ఉన్న పోగులు వదులవుతాయి. పోగుల లాగుడు తగ్గగానే లెన్స్ తన సహజమైన సాగే గుణంతో ఉబ్బి గుండ్రంగా అవుతుంది, పవర్ పెరుగుతుంది. దూరం చూసేటప్పుడు కండరం విశ్రాంతిలో ఉంటుంది, ఉంగరం పెద్దదవుతుంది, పోగులు బిగుసుకుని లెన్స్‌ను లాగి పల్చన చేస్తాయి. "కండరం బిగిస్తే పోగులు బిగుస్తాయి" అని రాసినవాళ్ళకు ఉంగరం బొమ్మ గీసి చూపిస్తే మళ్ళీ తప్పు చేయరు.

కాబట్టి కంటికి కష్టం దగ్గర చూడడంలోనే, దూరం చూడడం విశ్రాంతి. గంటలకొద్దీ ఫోన్ చూసి తల బరువెక్కిందంటే, ఆ కండరం అంతసేపూ బిగుసుకుని ఉండడమూ ఒక కారణం. ఇరవై నిమిషాలకోసారి ఇరవై సెకన్లు ఇరవై అడుగుల దూరం చూడమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. దాంతోపాటు స్క్రీన్ చూసేటప్పుడు రెప్పలు కొట్టడం బాగా తగ్గిపోతుంది, కళ్ళు ఎండి మండేది అందువల్ల.

ఇదంతా ఒక్కరోజులో తేలలేదు. ఫోకస్ మారేటప్పుడు కార్నియా వంపు మారుతుందా, కన్ను పొడవు మారుతుందా, లెన్స్ మారుతుందా అని పెద్ద వాదన ఉండేది. 1801లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త థామస్ యంగ్ తన కంటి మీదే ప్రయోగం చేసుకున్నాడు. కార్నియా ముందు నీళ్ళు పెట్టి దాని పవర్‌ను పోగొట్టి, ఆ లోటును బయట ఒక లెన్స్‌తో భర్తీ చేసి చూశాడు, అయినా దగ్గర, దూరం సర్దుబాటు ఎప్పటిలాగే జరిగింది. అంటే కార్నియా కాదన్నమాట. పోగులు వదులై లెన్స్ ఉబ్బుతుందన్న వివరణ ఇచ్చింది జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్, 1855లో.

టెక్స్ట్‌బుక్‌లో 2.5 సెం.మీ., 2.27 సెం.మీ. అని నాభ్యంతరాలు ఇచ్చారు. అవి తప్పా?

తప్పు కాదు, సులువు చేసిన లెక్క. నాభ్యంతరం అంటే సమాంతరంగా వచ్చే వెలుగును కటకం ఎంత దూరంలో కలుపుతుందో ఆ దూరం. కార్నియా, లెన్స్ రెండిటినీ కలిపి ఒకే కటకంగా తీసుకుని, అది గాలిలో ఉన్నట్టు, రెటీనా 2.5 సెం.మీ. వెనక ఉన్నట్టు ఊహించారు. దూరపు వస్తువుకు నాభ్యంతరం 2.5, 25 సెం.మీ. దగ్గరున్న వస్తువుకు 2.27. పరీక్షలో అదే రాయండి. కానీ ఆ రెండింటినీ డయాప్టర్లలోకి మార్చి (100ను ఆ సెంటీమీటర్లతో భాగించి) చూడండి: 40, 44. తేడా 4. మీటరులో పావు వంతు దూరం చదవడానికి లెన్స్ అదనంగా ఇవ్వాల్సింది సరిగ్గా ఈ 4 డయాప్టర్లే. చత్వారం ఎందుకొస్తుందో అర్థం కావడానికి ఈ ఒక్క అంకె చాలు.

రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుందట, మెదడు దాన్ని తిరగేస్తుందా?

తలకిందులుగా పడేది నిజమే. కెప్లర్ 1604లోనే చెప్పాడు, తర్వాత షైనర్ 1625లో, బయటికి తీసిన కంటి వెనక పొరలు ఒలిచి కళ్ళారా చూశాడు. కానీ మెదడులో ఎవరో కూర్చుని బొమ్మ చూస్తున్నట్టు, దాన్ని తిప్పి పెట్టినట్టు ఊహించుకోకండి. మెదడుకు చేరేది బొమ్మ కాదు, నాడీ సంకేతాలు. రెటీనా కింది భాగంలోంచి సంకేతం వస్తే అది పై వస్తువు అని అర్థం చేసుకుంటుంది, అంతే.

సైట్ ఎందుకు వస్తుంది? అద్దాలు పెడితే పెరుగుతుందా?

బోర్డు కనిపించకపోవడం, పుస్తకం బాగా కనిపించడం, అంటే హ్రస్వదృష్టి, ఎక్కువమందిలో కంటిగుడ్డు కాస్త పొడవు పెరగడం వల్ల వస్తుంది. కార్నియా బాగానే వంచుతోంది, లెన్స్ బాగానే ఉంది, కానీ రెటీనా వెనక్కి జరిగిపోయింది, బొమ్మ దాని ముందే పడిపోతోంది. ఒక్క మిల్లీమీటరు పొడవు పెరిగితే దాదాపు మైనస్ 2.5 సైట్. అద్దం చేసేది వెలుగును కొంచెం విప్పి బొమ్మను వెనక్కి నెట్టడం. కంటిగుడ్డు పొడవు పెంచే శక్తి సరిగ్గా రాసిన అద్దానికి లేదు.

మరి అద్దాలు పెట్టిన తర్వాత ఏటా నంబరు పెరుగుతోందే అంటారు. పిల్లాడు ఏటా ఎత్తు పెరుగుతున్నాడు కదా, చొక్కా కొన్నందువల్ల పెరిగాడని అనం. కన్ను కూడా ఎదిగే వయసులో పొడవు పెరుగుతుంది, చాలామందిలో ఇరవై ఏళ్ళ అటూ ఇటూ నిలబడుతుంది.

నాకు బాగా బాధ కలిగించిన సంగతి ఒకటి చెప్తాను. తొమ్మిదో తరగతిలో ఒకబ్బాయి ఎప్పుడూ పక్కవాడి నోట్సు చూసి రాసేవాడు. కాపీ కొడుతున్నాడని అందరం కోప్పడేవాళ్ళం, నేనూ కోప్పడ్డాను. ఒకరోజు ముందు బెంచీలో కూర్చోబెట్టి బోర్డు చదవమంటే కళ్ళు చికిలించి కూడబలుక్కున్నాడు. పరీక్ష చేయిస్తే రెండు కళ్ళకూ మైనస్ 3. అంటే వాడికి 33 సెంటీమీటర్ల అవతల ఏదీ స్పష్టంగా లేదు, ఏళ్ళ తరబడి. ఇంట్లో అద్దాలు వద్దన్నారు, ఆడుకునేటప్పుడు పగులుతాయని, నలుగురూ ఏడిపిస్తారని. దయచేసి అలా ఆలస్యం చేయకండి. పిల్లలు తమకు కనిపించడం లేదని చెప్పరు, లోకమంతా అలాగే ఉంటుందనుకుంటారు.

కళ్ళు చికిలిస్తే కొంచెం ఎందుకు కనిపిస్తుందంటే, వెలుగు వచ్చే దారి సన్నబడుతుంది కాబట్టి. అట్టముక్కకు సూదితో రంధ్రం పొడిచి దానిలోంచి చూడండి, అద్దాలు లేకుండానే అక్షరాలు తేరుకుంటాయి. డాక్టరు దగ్గర కూడా ఇదే పరీక్ష ఉంటుంది. రంధ్రంలోంచి చూస్తే మెరుగుపడితే లోపం చాలావరకు ఫోకస్‌ది, అద్దాలతో పోతుంది. మెరుగుపడకపోతే ఇంకెక్కడో వెతకాలి.

ప్లస్ సైట్ దీనికి అటువైపు, కన్ను కాస్త పొట్టిగా ఉండడం. చిన్నపిల్లలు సిలియరీ కండరాన్ని బిగించి, లెన్స్‌ను ఉబ్బించి దాన్ని కప్పిపుచ్చగలరు, అందుకే పరీక్షలో చుక్కలు వేసి కండరాన్ని సడలించి చూస్తారు.

ఫోన్ చూడడం వల్లే సైట్ వస్తుందా?

ఎక్కువసేపు దగ్గరి పని ఒక కారణం, తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశమూ ఎక్కువే. కానీ నేను తల్లిదండ్రులకు గట్టిగా చెప్పేది ఇంకొకటి: పగటి వెలుతురు. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడిపిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట క్లాసు పెట్టి మూడేళ్ళు చూశారు. 2015లో వచ్చిన ఫలితం ప్రకారం అలా చేయని బడుల్లో కొత్తగా సైట్ వచ్చినవాళ్ళు 39.5 శాతం, చేసిన బడుల్లో 30.4 శాతం. ఆటల పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టే ప్రతి బడిలోనూ ఈ అంకెలు గోడకు అంటించాలనిపిస్తుంది నాకు.

సిలిండర్ అంటే ఏంటి? యాక్సిస్ 90, 180 అని రాశారు.

కార్నియా బంతి ముక్కలా అన్ని వైపులా ఒకే వంపుతో ఉండాలి. కొంతమందికి అది గరిటె వీపులా ఉంటుంది, ఒక దిశలో వంపు ఎక్కువ, అడ్డదిశలో తక్కువ. అందుకని నిలువు గీతలు ఒకచోట, అడ్డగీతలు ఇంకోచోట ఫోకస్ అవుతాయి. ఆ తేడాను సరిచేసేది సిలిండర్ పవర్, అది ఏ దిశలో కూర్చోవాలో చెప్పేది యాక్సిస్. కొత్త అద్దాలు పెట్టగానే నేల వాలుగా కనిపిస్తే కొన్ని రోజులు చూడండి, అప్పటికీ తగ్గకపోతే యాక్సిస్ సరిగ్గా బిగించారో లేదో షాపులో చెక్ చేయించండి.

కళ్ళు నలిపే అలవాటుంటే ఇప్పుడే మానండి. ఎండాకాలం ఎలర్జీ దురదతో అదేపనిగా నలిపే పిల్లల్లో కార్నియా పల్చబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ వచ్చే ప్రమాదం ఎక్కువ. దురదకు మందు ఉంది, నలపడం మందు కాదు.

నలభై దాటాను. మొన్నటిదాకా బాగున్న కళ్ళు ఇప్పుడు పేపర్ దూరంగా పెడితేనే కనిపిస్తోంది. ఫోన్ ఎక్కువ వాడినందుకా?

కాదండీ, ఇది చత్వారం, అందరికీ వస్తుంది. లెన్స్ పుట్టినప్పటినుంచీ పొర మీద పొర పెరుగుతూనే ఉంటుంది, పాత పొరలు రాలిపోయే దారి లేదు, లోపలే నొక్కుకుపోతాయి. క్రమంగా గట్టిపడి, పోగులు వదులైనా ఉబ్బే శక్తి తగ్గుతుంది. పదేళ్ళ పిల్లలకు 14 డయాప్టర్ల దాకా సర్దుబాటు ఉంటుంది, ఏడు సెంటీమీటర్ల దగ్గర కూడా చూడగలరు. నలభై దాటేసరికి మనకు కావలసిన ఆ 4 డయాప్టర్లే కష్టమవుతాయి, యాభై ఐదు వచ్చేసరికి ఒకటి మిగిలితే ఎక్కువ. బయట పెట్టే ప్లస్ అద్దం ఆ లోటును తీరుస్తుంది, అంతకంటే ఏమీ లేదు. అందులో వయసైపోయిందన్న బాధ దేనికి? తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో అక్కడికక్కడే చేతిలో పెట్టినవి ఈ దగ్గరచూపు అద్దాలే. సూదిలో దారం ఎక్కించలేక కుట్టుపని మానేసిన వాళ్ళకు, బియ్యంలో రాళ్ళు కనబడని వాళ్ళకు ఆ అద్దాల విలువ తెలుసు.

మా పక్కింటాయనకు అరవై. అద్దాలు తీసేసి మరీ చదువుతారు. ఆయనకు చత్వారం రాలేదా?

వచ్చింది. ఆయనకు మైనస్ 2.5, మైనస్ 3 సైట్ ఉండి ఉంటుంది. మైనస్ 2.5 కన్ను అద్దాలు లేకుండా సహజంగానే 40 సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ అయి ఉంటుంది, లెన్స్ సర్దుకోవాల్సిన పనే లేదు.

కానీ ఇంకో రకం ఉంది, దాన్ని మాత్రం పట్టించుకోవాలి. డెబ్బై దాటిన తాతయ్యకో నానమ్మకో ఉన్నట్టుండి అద్దాలు లేకుండా చదవడం వస్తుంది, చూపు తిరిగొచ్చిందని ఇంట్లో అందరూ సంతోషపడతారు. చాలాసార్లు అది శుక్లం మొదలవుతోందన్న గుర్తు. లెన్స్ మధ్యభాగం గట్టిపడి పవర్ పెరుగుతుంది, కాబట్టి దగ్గర చూపు కొన్నాళ్ళు బాగుపడి దూరం చూపు తగ్గుతుంది. ఒకసారి చూపించండి.

శుక్లం అంటే కంటి మీద పొర కదా?

మీద కాదు, లోపల. లెన్సే మసకబారడం. పులుసులో చేపకన్ను వేడికి తెల్లబడినట్టు, మనిషి లెన్స్‌లోని ప్రొటీన్లు ఏళ్ళ తరబడి నెమ్మదిగా గుంపుకట్టి మసకేస్తాయి. ఉడికిన గుడ్డును మళ్ళీ పచ్చిగుడ్డు చేయలేం, అందుకే చుక్కల మందుతో శుక్లం కరగదు, ఆపరేషన్ ఒక్కటే దారి. మసకబారిన లెన్స్ తీసి కృత్రిమ లెన్స్ పెడతారు. దీన్ని మొదట పెట్టింది లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ, 1949 నవంబరులో. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల అద్దాలు పగిలి పైలట్ల కళ్ళలో గుచ్చుకున్న ప్లాస్టిక్ ముక్కలను కన్ను వ్యతిరేకించకుండా ఊరుకోవడం గమనించి ఆ ఆలోచన చేశాడు. పాతకాలంలోలా "ముదిరేదాకా" ఆగాల్సిన పని ఇప్పుడు లేదు. మామూలు కృత్రిమ లెన్స్ ఒకే దూరానికి ఫోకస్ అవుతుంది కాబట్టి, ఆపరేషన్ తర్వాత చదవడానికి అద్దాలు కావాల్సి వస్తే అది ఆపరేషన్ చెడిపోవడం కాదు.

షుగర్ ఉంది, నెలకో రకంగా కనిపిస్తోంది. అద్దాలు మార్చాలా?

ముందు షుగర్ అదుపులోకి రానివ్వండి. రక్తంలో చక్కెర బాగా ఎక్కువైనప్పుడు లెన్స్ నీరు పీల్చుకుని పవర్ మారుతుంది, తగ్గాక మళ్ళీ మారుతుంది. ఆ మధ్యలో చేయించిన అద్దాలు కొన్ని వారాలకే పనికిరావు. రెటీనా పరీక్ష మాత్రం ఏటా తప్పనిసరి, చూపు బాగున్నా సరే.

కంటి వ్యాయామాలు, క్యారెట్, తేనె, నందివర్ధనం పూల రసం?

కంటిగుడ్డు పొడవును ఏ వ్యాయామమూ తగ్గించలేదు. క్యారెట్, మునగాకు, బొప్పాయి తినండి, విటమిన్ ఎ లేకపోతే రేచీకటి వస్తుంది, కానీ తిన్నందువల్ల నంబరు తగ్గదు. తేనె, తల్లిపాలు, పసరు కంట్లో పోయకండి. కార్నియాకు ఇన్ఫెక్షన్ సోకి మచ్చపడితే ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది.

లేసిక్ చేయించుకుంటే చత్వారం కూడా పోతుందా?

మామూలు లేసిక్‌తో పోదు. లేజర్ చెక్కేది కార్నియాను, చత్వారం ఉండేది లెన్స్‌లో. పద్దెనిమిది నిండి, నంబరు నిలకడగా ఉండి, కార్నియా మందం సరిపోతేనే చేస్తారు.

కళ్ళముందు దోమల్లా తేలుతున్నాయి.

జెల్‌లోని పోగుల నీడలు రెటీనా మీద పడడం. పాతవైతే భయం లేదు. కానీ ఒక్కసారిగా బోలెడు వచ్చినా, మెరుపులు కనిపించినా, ఒక పక్కనుంచి నల్లటి తెర దిగినట్టున్నా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రెటీనా ఊడిపోతూ ఉండవచ్చు, అక్కడ గంటలు కూడా లెక్కే.

అద్దాలున్నవాళ్ళు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళు నేత్రదానం చేయొచ్చా?

చేయొచ్చు. షుగర్, బీపీ ఉన్నా చేయొచ్చు. ఎక్కువగా వాడేది కార్నియాను, మీ చత్వారం, మీ శుక్లం ఉన్నది లెన్స్‌లో. రక్తనాళాలు లేవు కాబట్టి దాన్ని శరీరం తిరస్కరించడం మిగతా అవయవాలకంటే తక్కువ. 1905లోనే ఎడ్వర్డ్ జిర్మ్ ఈ మార్పిడి విజయవంతంగా చేశాడు. మన దగ్గర హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఈ పనిలో పెద్ద పేరున్నది. ఇంట్లో మరణం జరిగితే ఆరు గంటల్లోపు ఐ బ్యాంకుకు ఫోన్ చేయాలి. వాళ్ళు వచ్చేలోపు ఫ్యాన్ ఆపేసి, కళ్ళు మూసి, రెప్పల మీద తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తుగా ఉంచండి.